మడత విప్పని బరకం

నేను ఒక నీలిరంగు బరకాన్ని. మబ్బు పట్టగానే కళ్లంలో ఆరబోసిన మిరపకాయల మీద కప్పడానికి పుట్టినదాన్ని. అంతకు మించి నాకేమీ తెలియదు. మనుషులకు చాలా తెలుసని పున్నయ్య చేతిలో పడ్డాకే అర్థమైంది.

పున్నయ్యది పల్నాడులో చిన్న మిరప చేను. నన్ను కొన్న ఏడు ఎప్పుడు మబ్బు పట్టినా ఆయనా, భార్య తిరపతమ్మా పరుగెత్తుకొచ్చి నన్ను కప్పేవారు. ఒక్క చినుకు పడితే ఒట్టు! ఒకనాడు కప్పకముందే మబ్బు తేలిపోయింది. పున్నయ్య నావైపు అదోలా చూశాడు.

"కప్పేదెందుకే? ఇది కళ్లంలో ఉంటే చాలు, వాన రాదు" అన్నాడు.

ఇక నాకు మర్యాదలే మర్యాదలు. పసుపు రాసి, బొట్టు పెట్టి, మడతపెట్టి గట్టున కూర్చోబెట్టాడు. మబ్బులు వచ్చేవి, పోయేవి. ఆయన మీసం దువ్వుకునేవాడు. పక్క కళ్లంవాళ్లకు అసలు బరకమే లేదు, వాళ్ల కాయలూ తడవలేదు. ఆ సంగతి మాత్రం ఆయన కంటికి ఆనలేదు.

నిరుడు కాయ విరగకాసింది. ఏడాదంతా తిరపతమ్మ నడుం వంచి పెంచిన పంట, ఇల్లు గడవడానికి ఉన్నదంతా అదే. కాయలు గలగలలాడే వేళకు పడమట నల్లగా కమ్ముకొచ్చింది.

"ఏమయ్యా, కప్పుదాం, పట్టు."

"వద్దే. విప్పామంటే దాన్ని నమ్మనట్టే."

నమ్మకమట! నన్ను నమ్మడమంటే విప్పడమే కదా, మహానుభావా. తిరపతమ్మ నా కొస పట్టుకుని లాగబోతే, ఆయన వచ్చి నా మీద కూర్చున్నాడు.

వాన దంచికొట్టింది. కళ్లంలోంచి ఎర్రటి నీళ్లు పారాయి. తిరపతమ్మ తడిసిన కాయలు ఒళ్లో పోసుకుని కూర్చుంది. ఆయనేమో నన్ను కాలితో తన్ని, "నమ్మించి నట్టేట ముంచింది" అన్నాడు.

ఎవరు ఎవరిని ముంచారండీ? నా లోపలి మడతల్లో ఒక్క చుక్క తడి లేదు. ఆ పొడి చోటంతా ఆ కాయలది.

ఇప్పుడు గొడ్లచావిడి మీద ఉన్నాను. విచిత్రం చూడండి, గేదెల కోసం నన్ను నిండా విప్పి పరిచారు. ఇక్కణ్ణుంచి కళ్లం, అందులో ఆరబోసిన కాయలు కనిపిస్తాయి. ఈ ఏడు పచ్చరంగు బరకం కొత్తగా వచ్చింది. బొట్టు పెట్టుకుని, మడత మీదే ఉంది. ఇవాళ పడమట మళ్లీ మబ్బు.

"పాతది మనకు కలిసిరాలేదు. ఇది అట్టాంటిది కాదులే" అంటూ పున్నయ్య వెళ్లి దాని మీద కూర్చున్నాడు.

తిరపతమ్మ చావిడికి నిచ్చెన వేసి ఎక్కింది. నా చిరుగులు చూసింది. చూసి కూడా, నా తాళ్లు విప్పడం మొదలుపెట్టింది.