నవ్వని దెయ్యం కావలెను

నేను చేసిన మొదటి దెయ్యాన్ని చూసి ఎవరూ భయపడలేదు. దాన్ని చేయించుకున్నాయన స్క్రీన్ దగ్గరికి వంగి, కాసేపు కళ్లార్పకుండా చూసి, "మేడమ్, ఈ అమ్మాయికి పెళ్లయిందా?" అని అడిగాడు.

ఆయన మాల్ పై అంతస్తులో దెయ్యాల ఇల్లు నడుపుతాడు. టికెట్ కొని లోపలికి వెళ్లినవాళ్లు చీకటి గదుల్లో కెవ్వుమంటూ నడిచి, నవ్వుకుంటూ బయటికొస్తారు. ఆ గోడల మీద పాత ఫొటో ఫ్రేముల్లా కనిపించే స్క్రీన్లు పెట్టాలని ఆయన సరదా. దూరం నుంచి చూస్తే మామూలు ఫొటో. దగ్గరికి వెళ్తే అందులోని మనిషి తల తిప్పి చూడాలి, చూస్తూ చూస్తూ పొగలా కరిగిపోవాలి. ఈ చుట్టుపక్కల ఫొటోలకు మెరుగులు దిద్దేదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆయనకి దెయ్యాలాయన అని నా అంతట నేనే పేరు పెట్టుకున్నాను.

తప్పు నాది కాదు, నా చేతిది. మా ఇంటి ముందు గదిలోనే నా స్టూడియో. పొద్దున లేస్తే మొటిమలు తీసేయడం, కళ్ల కింద నలుపు చెరిపేయడం, పళ్లు తెల్లబరచడం, బట్టతలల మీద ఎవరికీ అనుమానం రాకుండా పొదుపుగా జుట్టు మొలిపించడం, ఇదే నా పని. చేసీ చేసీ చేతికి వంటబట్టేసింది. దెయ్యానికి కళ్ల కింద గుంటలు పెట్టి టీ తాగడానికి అలా వెళ్లి వచ్చి కూర్చుంటానా, మౌస్ పట్టుకున్న చెయ్యి నన్ను మాట మాత్రంగానైనా అడక్కుండా ఆ గుంటల్ని పూడ్చేస్తుంది. మొహం పాలిపోయినట్టు చేద్దామనుకుంటే రంగు తేలింది. జుట్టు చింపిరిగా చేద్దామనుకుంటే గాలికి ఎగిరినట్టు ముచ్చటగా వచ్చింది. రెండో దెయ్యం మొదటిదానికంటే బాగుంది. మూడోదాన్ని చూసి దెయ్యాలాయన ఫోన్ తీసి, "ఒక కాపీ నాకు పంపండి, మా తమ్ముడికి చూపిస్తాను" అన్నాడు. ఆ తర్వాత తల పట్టుకున్నాడు.

"మేడమ్, ఆదివారం గేట్లు తెరుస్తున్నాను. నాకు అందగత్తెలు వద్దు. నవ్వని దెయ్యం ఒక్కటి చాలు. కాస్త వయసు మళ్లిన మనిషైతే మరీ మంచిది."

"నేను సరిపోతానా?" అని లోపలి గదిలోంచి ఒక గొంతు వినిపించింది.

అది మా అత్తయ్య గొంతు. ఆ గొంతు స్టూడియోలో వినిపించి మూడు రోజులైంది. ఎందుకో చెప్పాలి.

అత్తయ్యకు నా స్టూడియోలో ఉద్యోగమేమీ లేదు, అధికారం మాత్రం ఉంది. కౌంటర్ పక్కన చేతులున్న పాత కుర్చీ ఆవిడది. జుట్టు ముడిలో ఎప్పుడూ ఒక దువ్వెన దోపుకుని ఉంటుంది. ఫొటోకి కూర్చున్నవాడు ఎంతటివాడైనా సరే, లేచి వెళ్లి వాడి కాలర్ సరిచేసి, ముడిలోంచి దువ్వెన తీసి పాపిడి దిద్ది, నా వెనక నిలబడి, "గడ్డం పైకెత్తు. ఆఁ. ఇప్పుడు నవ్వు" అంటుంది. పాస్‌పోర్ట్ ఫొటోలో నవ్వకూడదని లక్షసార్లు చెప్పాను. "ఏడుపు మొహాన్ని ఏ దేశం రానిస్తుందే" అంటుంది. అక్కడికి వీసాలిచ్చేది తనే అయినట్టు.

ఆ వారం మొదట్లో ఒకమ్మాయి ఉద్యోగానికి ఫొటో దిగడానికి వచ్చింది. బుగ్గ మీది పుట్టుమచ్చ తీసేయమంది. శ్రద్ధగా తీసేశాను. అత్తయ్య స్క్రీన్ వైపు చూసి, "ఎవరీ పిల్ల? నువ్వేనా? అయ్యో, ఉన్నదే ముద్దుగా ఉంది కదమ్మా, దీన్నెందుకు పీకేసింది మా కోడలు" అంది. ఆ అమ్మాయి అద్దంలో చూసుకుని మనసు మార్చుకుంది. మచ్చ మళ్లీ పెట్టాల్సి వచ్చింది. నాకు ఒళ్లు మండిపోయి, ఆ పిల్ల ముందే, "అత్తయ్యా, ఇది నా పనిచోటు. మీరు లోపల కూర్చుంటే నాకు హాయిగా ఉంటుంది" అనేశాను.

ఆవిడ తిరిగి ఒక్క మాటైనా అని ఉంటే బాగుండేది. మేమిద్దరం నిప్పులు చెరుక్కోవడం కొత్తేమీ కాదు, అన్నం పెట్టుకునే వేళకి చల్లారిపోతాయి. ఈసారి అత్తయ్య నోరెత్తకుండా లేచి లోపలికి వెళ్లి, కూతురికి ఫోన్ చేసింది. ఆదివారం మా ఆడపడుచు కారు తీసుకొచ్చి వాళ్ల ఊరు తీసుకెళ్తుందట. చూసి రావడానికి కాదు, ఉండిపోవడానికి. అక్కడ కింద గది ఖాళీగానే ఉందట. ఆ సాయంత్రమే మంచం కింద నుంచి బ్యాగ్ బయటికొచ్చింది.

మా ఆయనతో చెప్తే, "మీ ఇద్దరి మధ్యా నేను వేలు పెట్టను" అని పేపర్ అడ్డం పెట్టుకున్నాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన అంత పేపర్ చదవడం నేను చూడలేదు.

వెళ్లనీ, నా చెవులకీ కాస్త విశ్రాంతి అనుకున్నాను. పైకి అలాగే అనుకున్నాను. కానీ ఆ బ్యాగ్ కంటబడకుండా చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని. ఉండమని ఒక్కసారి అడిగితే ఆవిడ ఉంటుందని నాకు తెలుసు. అడగాలంటే నోరు రాదు. నేను అడగందే ఆవిడ ఆగదు. ఇద్దరం ఇద్దరమే.

అలాంటి సమయంలో ఆవిడ తనంతట తాను గుమ్మంలోకి వచ్చి నిలబడి, నా మొహం చూడకుండా దెయ్యాలాయనతో, "వెళ్లేముందు ఈ ఒక్క పని చేసిపెట్టి పోతాను బాబూ. తర్వాత మాట పడక్కర్లేకుండా" అంది.

మర్నాడు పొద్దున షట్టర్ సగం దించి ఫొటోలకి సిద్ధం చేశాను. తెల్లటి దుప్పటి ఒకటి ఇస్త్రీ చేసి ఉంచాను, చూశారా నా చెయ్యి, దెయ్యం దుప్పటికి ఇస్త్రీ. అత్తయ్య తల స్నానం చేసి, నున్నగా దువ్వి, పౌడరు రాసుకుని వచ్చి, దుప్పటి కప్పుకుని తన కుర్చీలో కూర్చుంది.

"జుట్టు విరబోసుకోవాలి అత్తయ్యా."

"దెయ్యమైతే మాత్రం తల దువ్వుకోకూడదని ఎక్కడుంది?" అంటూనే ముడి విప్పి, దువ్వెన తీసి కుర్చీ చేతి మీద పెట్టింది. జుట్టు భుజాల మీద పడింది. గడ్డం కింద నుంచి లైట్ వేశాను. నిజంగానే ఒళ్లు జలదరించేలా ఉంది. కెమెరా ఎత్తాను. అంతే, అత్తయ్య నవ్వింది.

"నవ్వకండి."

"నవ్వట్లేదే."

మళ్లీ ఎత్తాను. మళ్లీ నవ్వింది. ఇన్నేళ్లుగా కెమెరా ఎత్తగానే అందరినీ నవ్వమని చెప్పీ చెప్పీ, కెమెరా కనబడితే ఆవిడ మూతి దానంతట అదే విచ్చుకుంటోంది. నా చేతికీ ఆవిడ మూతికీ ఒకటే జబ్బు. కోపంగా చూడమన్నాను, కుదరలేదు. ఏడుపు గుర్తు తెచ్చుకోమన్నాను, ఇంకా ముద్దుగా నవ్వింది. చివరికి విసుగొచ్చి, "పోనీ, ఆ పుట్టుమచ్చ పిల్ల ముందు నేనన్న మాట గుర్తు తెచ్చుకోండి" అన్నాను.

నవ్వు పోయింది. అలా తల తిప్పి నన్ను చూసింది. నేను క్లిక్ మీద క్లిక్ కొడుతూ, కెమెరా మొహానికి అడ్డంగా ఉన్నందుకు బతికిపోయాననుకున్నాను.

అంతా అయ్యాక నాలుక్కరుచుకున్నాను. దెయ్యం అద్దంలా ఉండాలంటే, అంటే దాని వెనకున్న గోడ దానిలోంచి కనబడాలంటే, రెండు ఫొటోలు కావాలి. మనిషి ఉన్నదొకటి, లేనిదొకటి. కెమెరా వెంట్రుకవాసి కూడా కదలకూడదు. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి, పైదాన్ని పలచబరుస్తూ పోతే మనిషి దెయ్యమవుతాడు. ఖాళీ గదినే ముందు తీసుకోవాలి, ఈ పనిలో మొదటి పాఠం అది. మూతి గొడవలో పడి మర్చేపోయాను.

"అత్తయ్యా, కాస్త లేస్తారా? మీరు లేకుండా ఒకటి తీయాలి."

ఆవిడ దుప్పటి మడతపెట్టి లేచింది. "తీసుకో. ఎలాగూ అలవాటు చేసుకోవాలిగా" అని లోపలికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం షట్టర్ పూర్తిగా దించుకుని కూర్చున్నాను. ఈసారి నా చేతిని నేను గట్టిగా అదుపులో పెట్టుకున్నాను. ముడతలు ముడతల్లాగే ఉంచాను. కళ్ల కింద నీడలు ఇంకాస్త ముదిరేలా చేశాను. తల తిప్పే ఫొటోలన్నీ వరసగా పేర్చి ఆడించాను. మా ఆయన టీ తీసుకొచ్చి నా భుజం మీదుగా చూసి, కప్పు నా ఒళ్లో ఒలకబోశాడు. "అమ్మేంటి నన్నలా చూస్తోంది, నేనేం చేశాను" అన్నాడు. ఏమీ చేయలేదు కాబట్టే అని చెప్పాను. పేపర్ వెతుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఇక మిగిలింది కరిగిపోవడం. కింద ఖాళీ కుర్చీ ఫొటో, పైన అత్తయ్య. ఫొటోని పలచబరిచే మీటని స్క్రీన్ మీద పట్టుకుని మెల్లగా జరుపుతున్నాను. అత్తయ్య పలచబడింది. ఆవిడ భుజంలోంచి గోడ కనిపించింది, మొహంలోంచి క్యాలెండర్ కనిపించింది. ఇంకొంచెం జరిపాను. కళ్లు మాత్రమే మిగిలాయి. ఇంకొంచెం. అవీ పోయాయి.

కుర్చీ. ఆవిడ కూర్చుని కూర్చుని మెత్తమీద పడ్డ గుంట. కుర్చీ చేతి మీద దువ్వెన.

ఇన్ని దెయ్యాలు చేశాను గానీ అంత భయం ఎప్పుడూ వేయలేదు. గభాలున వెనక్కి తిరిగి చూశాను. అక్కడా అంతే. అదే కుర్చీ, అదే గుంట, అదే దువ్వెన. స్క్రీన్ మీదున్నదీ గదిలో ఉన్నదీ ఒక్కటే బొమ్మ. లోపల్నుంచి బ్యాగ్ జిప్ చప్పుడు వినిపిస్తోంది.

మీట వెనక్కి జరిపాను. అత్తయ్య వచ్చింది. ముందుకి జరిపితే పోయింది. ఒక చిన్న మీట మీద నా వేలు ఉంది, ఆవిడ ఉండటం, పోవడం అంతా ఆ వేలి కిందే ఉంది. దాన్ని చివరిదాకా తోసి వదిలేయడం నా వల్ల కాలేదు. కళ్లు తుడుచుకుని, కొసకు రాకముందే ఆపేసి, అక్కడితో సరిపెట్టి దెయ్యాలాయనకి పంపేశాను.

ఆ మర్నాడు అత్తయ్య దువ్వెన కనబడటం లేదని లోపలి గదంతా తిరగేసింది. స్టూడియోలోకి మాత్రం తొంగిచూడలేదు. అది ఎక్కడుందో నాకు తెలుసు. చెప్పలేదు, తీయనూ లేదు. దాన్ని ఆ కుర్చీ మీద నుంచి తీయాలంటే నాకు చేతులు రాలేదు.

ఆదివారం వచ్చింది. అత్తయ్య బ్యాగ్ తెచ్చి స్టూడియో గుమ్మం దగ్గర పెట్టి, ఉత్త ముడితో నిలబడి వీధి వైపు చూస్తోంది. నేను ఫొటోలు కత్తిరిస్తున్నట్టు నటిస్తున్నాను. అంతలో ఫోన్ మోగింది. చేతిలో కత్తెర ఉండటంతో స్పీకర్ పెట్టాను.

"మేడమ్, అదిరిపోయింది. మా సెక్యూరిటీ అతను ఆ గదిలోకి వెళ్లమంటే ససేమిరా అంటున్నాడు" అన్నాడు దెయ్యాలాయన. "ఒక్కటే లోపం. చివర్లో ఆవిడ పూర్తిగా మాయమవ్వట్లేదు. కుర్చీలో లీలగా కనబడుతూనే ఉంది. అది కాస్త తీసేసి పంపండి."

"అది లోపం కాదండీ, కావాలనే ఉంచాను."

"కుర్చీ ఖాళీ అయితేనే కదండీ భయమేసేది?"

"అవును. నేను చూశాను ఖాళీ కుర్చీని. నాకు చాలా భయమేసింది." అత్తయ్య వీధి వైపు చూడటం మానేసిందని తల ఎత్తకుండానే తెలిసింది. "నా నోరు మంచిది కాదు, ఒప్పుకుంటాను. అయినా ఆవిడ లేకపోతే నాకు చేతులాడవు. నేను ఆవిడని తీయలేను. ఆవిడ ఎక్కడికీ వెళ్లదు."

"మేడమ్," అన్నాడు దెయ్యాలాయన జాగ్రత్తగా, "మనం దెయ్యం గురించే మాట్లాడుకుంటున్నామా?"

ఫోన్ పెట్టేశాను. చేతిలోని కత్తెర ఎవరిదో పాస్‌పోర్ట్ ఫొటోని మెడ దగ్గర రెండు ముక్కలు చేసి ఉంది.

అత్తయ్య బ్యాగ్ దాటుకుని లోపలికి వచ్చింది. కుర్చీ దగ్గర ఆగి, దువ్వెన చూసింది, నన్ను చూసింది. "ఇక్కడుందని చెప్పడానికేం, నోటి ముత్యాలు రాలతాయా?" అని దాన్ని తీసి ముడిలో దోపుకుని, తన గుంటలో తను కూర్చుంది. కాసేపటికి, "నన్ను పట్టుకుని దెయ్యమని ఊరంతా చెప్పుకుంటున్నావన్నమాట" అంది.

"మీరే ఒప్పుకున్నారు కదా అత్తయ్యా."

బయట కారు ఆగింది. మా ఆడపడుచు తాళాలు ఆడిస్తూ లోపలికి వచ్చింది. దారి పొడుగునా అద్దాలు దించుకుని వచ్చినట్టుంది, జుట్టంతా రేగిపోయి ఉంది. "బయల్దేరుదామా అమ్మా? బ్యాగ్ ఇదొక్కటేనా?"

అత్తయ్య లేచి, కూతుర్ని రెక్క పట్టుకుని తీసుకెళ్లి లైట్ల ముందు బల్ల మీద కూర్చోబెట్టింది. ముడిలోంచి దువ్వెన తీసి పాపిడి దిద్దింది, కాలర్ సరిచేసింది. "ఎన్నాళ్లైందో నీ ఫొటో తీసి. అమ్మాయ్, లైట్ వెయ్యి."

నేను లైట్ వేశాను.

"అమ్మా, బ్యాగ్ సంగతేంటి?"

అత్తయ్య వచ్చి నా వెనక నిలబడింది. ఆవిడ చెయ్యి నా భుజం మీద పడింది.

"బ్యాగ్ సంగతి తర్వాత. ముందు గడ్డం పైకెత్తు. ఆఁ. ఇప్పుడు నవ్వు."