టమాటా టైమర్

హిల్క టైమర్‌ని పది మీదికి తిప్పి బల్ల మధ్యలో పెట్టింది. గుడ్లు ఉడకబెట్టేటప్పుడు వాడుకునే టైమరది. టమాటా ఆకారంలో ఎర్రగా, ఒక పక్క సొట్టపడి ఉంటుంది. టిక్కు టిక్కుమంటే గదంతా వినిపిస్తుంది.

యువకేంద్రానికి వచ్చే పిల్లలకు ఆమె నేర్పే చదువంతా అందులోనే ఉంది. ఒళ్ళు మండించే కబురేదైనా ఫోన్‌లోకి వస్తే పది నిమిషాల పాటు ఎవరికీ పంపకూడదు. ఆలోగా అది ఎక్కడ పుట్టిందో వాకబు చేయాలి. తప్పినవాళ్ళకు శిక్ష పిల్లలే రాసి గోడకు అతికించారు: టైమర్ తిప్పకుండా పంపినవాళ్ళు నెల రోజులు ఈ గదిలో అడుగుపెట్టకూడదు. ఒత్సో అనే కుర్రాడు ఇప్పటికే రెండు నెలలు అలా బయట గడిపాడు.

"ఇవాళ నీకు మూడో నెల పడేలా ఉందిరా," ఫోన్ మీద వేళ్ళాడిస్తున్న వాడితో అంది పదహారేళ్ళ పిహ్లా.

"సభలో నీకు నోరు పెగలకపోతే నా బదులు నువ్వే బయటుంటావ్," అన్నాడు ఒత్సో.

హిల్క నవ్వలేదు. బడికి సెలవు కావడంతో పిల్లలు పొద్దున్నుంచే ఇక్కడున్నారు. సాయంత్రం నాలుగింటికి పురపాలక సభ. పల్లెలకు వెళ్ళే సాయంత్రపు బస్సు ఉండాలా పోవాలా అన్నది అక్కడ తేలుతుంది. అది ఆగిపోతే పల్లె పిల్లలు బడి వదలగానే ఇల్లు చేరాలి. ఈ గదీ లేదు, ఈ సభలూ లేవు. ఈ పిల్లల యువమండలి తరఫున మాట్లాడడానికి మూడు నిమిషాలిచ్చారు. మాట్లాడేది పిహ్లా. మాటలు రాసుకున్న కాగితాన్ని మడిచి మడిచి దాని అంచులు చింపేసింది.

హిల్కకు అరవై నాలుగేళ్ళు. పొట్టి మనిషి, మోకాళ్ళ నొప్పులు, మెడలో ఎప్పుడూ గొలుసుకు వేలాడే తాళంచెవి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ గది తలుపు తీసేదీ వేసేదీ ఆమే. ఊళ్ళో ఎవరూ ఆమెను పొగిడిందీ లేదు, తిట్టిందీ లేదు. మూడు వారాల్లో ఉద్యోగ విరమణ. కేకు మీద ఏం రాయించాలా అని పిల్లలు ఆమెకు తెలియకుండా కొట్టుకుంటున్నారు. ఆమెకు తెలుసు.

పదకొండింటికి వంటగదిలో కాఫీ పెడుతుంటే ఫోన్ మోగింది. పక్కింటి ఇర్యా ఒక స్క్రీన్‌షాట్ బొమ్మ పంపింది. పిహ్లా పేరుతో శనివారం రాత్రి తొమ్మిదింటికి పెట్టిన మాట అట: "ఆ పల్లెల్లో ముసలాళ్ళకు బస్సెందుకు? శ్మశానానికేగా!" కింద ఇర్యా రాసింది: నిప్పు లేనిదే పొగ రాదుగా.

హిల్క చేతిలో చెంచా ఆగిపోయింది. కిందటి శరత్కాలంలో పోయిన తన తల్లి రెండేళ్ళు ఆ బస్సులోనే ఆసుపత్రికి వెళ్ళొచ్చింది. చెంచా పక్కన పడేసింది హిల్క. పిల్లల తల్లిదండ్రులూ పురపాలక సభ్యులూ కలిపి రెండు వందల మంది ఉన్న గుంపులో ఆ బొమ్మ పెట్టి, "ఇది నిజమేనా?" అని రాసింది. పంపేసింది. టైమర్ పక్క గదిలో బల్ల మీదే ఉంది.

కాఫీ పొంగి పొయ్యి మీద పడింది.

కాసేపటికి ఒత్సో ఫోన్ పట్టుకుని పిహ్లా తలుపు దగ్గర నిలబడింది. మొహం పాలిపోయింది.

"శనివారం రాత్రా? శుక్రవారమే గడ్డకట్టిన సరస్సు మీద గుంత తవ్వి చేపలు పడుతూ నా ఫోన్ అందులో పడేసుకున్నా కదా. ఆదివారం దాకా నాన్నతో ఆ ఒడ్డునున్న గుడిసెలోనే ఉన్నా, అక్కడ నెట్టే లేదు. పొద్దున నీకు చెప్తే పడీ పడీ నవ్వావు కూడా హిల్కా."

నవ్వింది. మూడు గంటల క్రితం. పది నిమిషాలు ఆగి ఉంటే గుర్తొచ్చేది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు బొమ్మను చెరిపేసింది. అప్పటికే నూట అరవై మంది చూశారు. కొందరు మరి కొందరికి పంపారు. తప్పు తనదేనని రాసింది, ఆ రాత చూసినవాళ్ళు నలభై మంది.

"నేను వెళ్ళను," అంది పిహ్లా. "అందరూ నన్నే చూస్తారు."

"ముందు నన్ను చూస్తారు," అంది హిల్క. "ఆ తర్వాత నువ్వు రా."

మూడున్నరకే వెళ్ళి పురపాలక భవనం గుమ్మంలో నిలబడింది. మోకాళ్ళలోకి చలి దిగుతోంది. ఎవరినైనా పలకరించడమే కష్టమైన మనిషి, వచ్చిన ప్రతి సభ్యుణ్ణీ ఆపింది. ఇరవై ఏడు మంది. "ఆ బొమ్మ పంపింది నేనే. అది అబద్ధం. నాకు ముందే తెలిసుండాలి." ఒక సభ్యుడు జాలిపడి, "నువ్వు అడిగావంతేగా," అన్నాడు.

"అడగాల్సింది ఆ పిల్లని. ఊరందర్నీ కాదు."

ఆఖరున పిహ్లా వచ్చింది. ఆమె వైపు చూడకుండానే లోపలికి వెళ్ళింది. హిల్క వెనక వరుసలో కూర్చుంది. మొదటి మాటకు పిహ్లా గొంతు వణికింది, రెండో మాటకు నిలబడింది. కాగితం విప్పనే లేదు. ఓట్లు లెక్కపెట్టేసరికి బస్సుకు పద్నాలుగు, వద్దని పదమూడు.

కేంద్రానికి తిరిగి వచ్చేసరికి పిల్లలు గోల గోలగా ఉన్నారు. హిల్క కోటు విప్పలేదు. మెడలోని తాళంచెవి తీసి టైమర్ పక్కన పెట్టింది.

ఒత్సోకు ముందు అర్థమైంది. "ఆ రూలు నీకు కాదు!"

"ఎవరికి కాదో అక్కడ రాసుందా?"

"నెలంటే... నీకు మిగిలింది మూడు వారాలే కదా."

"లెక్కలు బాగానే వచ్చురా నీకు," అంది. వాడి తల నిమరబోయి ఆగి, తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చింది.

బస్ స్టాప్ కిటికీకి ఎదురుగానే ఉంది. లోపల ఒత్సో ఫోన్ పట్టుకుని ఏదో గబగబా టైపు చేస్తున్నాడు. పిహ్లా లాక్కుంది. ఇద్దరూ అరుచుకుంటున్నారు. రమ్మని రాస్తున్నారని హిల్కకు తెలుసు. తన ఫోన్ చేతిలోకి తీసుకుంది, మోగితే ఏం చెప్పాలో తెలియక భయమేసింది. ఏడుపొచ్చింది.

ఫోన్ మోగలేదు.

సాయంత్రపు బస్సు వచ్చి ఆగింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని మళ్ళీ అటు చూసింది. ఒత్సో ఫోన్ బోర్లా పెట్టి ఉంది, పిల్లలంతా బల్ల చుట్టూ చేరి కదలకుండా నిలబడి ఉన్నారు. మధ్యలో సొట్టపడ్డ ఎర్ర టైమర్, పది మీదికి తిప్పి ఉంది.