అట్ట మీద ప్రకటన

నా రాతలో తప్పులుంటే సర్దుకోండి. అరవై దాటాక నేర్చుకున్న అక్షరాలివి. ఈ కాస్త రాయడానికి పదకొండు రోజులు పట్టింది.

ఆ పొద్దున కూడా మా ఆయన ఇత్తడి తాళంచెవిని బల్లకున్న వైసులో బిగించి ఆకురాయితో రుద్దుతున్నారు. ఇత్తడి పొడి ముంజేతి వెంట్రుకల్లో మెరుస్తోంది. కళ్లద్దాలు జారినప్పుడల్లా భుజంతో పైకి నెట్టుకుంటున్నారు. ముప్పై ఎనిమిదేళ్లుగా అదే బల్ల. పని తగ్గిపోయింది. ఫోన్లలో వేయించిన ప్రకటన ఈ నెల కూడా ఫలించకపోతే తాళాల దుకాణం మూసేయాలనుకున్నారు.

బల్ల పైన గోడకు ఒక కాగితం. ప్రకటనల ఆఫీసులో పనిచేసే మేనకోడలు చెప్పిన మాటలకు ఆయన తన అర్థాలు రాసుకున్నారు. కీవర్డ్: జనం వెతికే మాట. ఇంప్రెషన్: బోర్డు వంక చూసి పోయినవాడు. క్లిక్: తలుపు తోసుకుని లోపలికొచ్చినవాడు, మనకు ఖర్చు పడేది ఇక్కడే. రోజు బడ్జెట్: ఇది అయిపోతే బోర్డు దానంతటదే పడుకుంటుంది. కన్వర్షన్: పని చేయించుకున్నవాడు. దాని పక్కన సున్నా.

ఫోన్ మోగింది. మేనకోడలే.

"మామయ్యా, రోజూ తొమ్మిదింటికి ప్రకటన మొదలవుతుంది, పదికల్లా బడ్జెట్ ఖాళీ. ఒక్కరూ ఫోన్ చేయరు. ఎవరో పనిగట్టుకుని నొక్కుతున్నారు."

"ఇంకెవరు, ఎదురు హార్డ్‌వేర్ కొట్టు బట్టతలవాడే. వాడి సంగతి ఇవాళ తేలుస్తా."

"గొడవలొద్దు మామయ్యా!"

"గొడవెందుకు? వాడి షట్టర్ ఇరుక్కున్న రోజు నా దగ్గరికేగా పరిగెత్తుకొస్తాడు!"

బనీనుతో వెళ్లడం బాగుండదని చొక్కా కోసం లోపలికి వచ్చారు. దుకాణం వెనకే మా ఇల్లు.

నేను వంటగది గడప మీద ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. మైకు నొక్కి తాళాలు అంటే చాలు, పైనే మా ప్రకటన వచ్చేది. అక్షరాల కింద వేలు పెట్టి, "తా...ళా...లు తె...రు...స్తాం. వెం...ట...నే వ...స్తాం" అని చదివేదాన్ని. చివరిదాకా చదివి నొక్కితే దుకాణం ముందు నిలబడ్డ ఆయన ఫొటో. మళ్లీ వెనక్కి, మళ్లీ మొదటినుంచి. ఎవరి సాయమూ లేకుండా నేను చదివిన మొదటి వాక్యాలవి.

"వచ్చారా! వినండి, తడుముకోకుండా చదివేస్తా."

చొక్కా చేతిలోనే పట్టుకుని ఆసాంతం విన్నారు. నేను నొక్కడమూ చూశారు.

"బాగా చదివావే. ఇంకోసారి చదువు," అన్నారు.

తర్వాత దుకాణంలోకి పోయి మేనకోడలికి ఫోన్ చేశారట.

"దొరికాడా మామయ్యా?"

"దొరికింది. మన కస్టమరే."

"మరి ఫోన్ చేయదేం?"

"చదువుకుంటోంది. ప్రకటన ఇప్పటికి ఆపి, మధ్యాహ్నం నుంచి పెట్టు. మీ అత్తయ్యకేమీ చెప్పకు."

ఎదురు కొట్టుకు వెళ్లలేదు. పాత చొక్కా పెట్టె అట్టను చింపి, లావు మార్కరుతో ఆ ప్రకటన మొత్తం దించారు. అడుగున తన చిన్న ఫొటో అంటించారు.

"ఇందులో చదువుకో. ఆ ఫోన్ కళ్లకు మంచిది కాదు."

మూడింటికి ఎవరో ఆడమనిషి ఫోన్ చేసింది. "మీ ప్రకటన చూశానండీ. తలుపు తాళం పడిపోయింది, పాప లోపలే ఉంది."

ఆయన సంచీ తీసుకుని వెళ్లారు. నాలుగు నిమిషాల్లో తలుపు తీశారని ఆమె చెప్పింది. పాప నిద్ర కూడా లేవలేదు. ఆయన మంచినీళ్లడిగి మెట్టు మీద కూర్చున్నారు. ఆమె డబ్బు తీసుకుని వచ్చేసరికి ఖాళీ గ్లాసు పక్కన ఉంది, ఆయన గోడకు ఆనుకుని ఉన్నారు. సంచీ జిప్పు వేసే ఉంది. డాక్టరు వచ్చి గుండె ఆగిందన్నాడు.

ఆ రోజు ఒక కన్వర్షన్ పడిందని మేనకోడలు నెల తర్వాత చెప్పింది. పొద్దుటి క్లిక్కుల సంగతి కూడా అప్పుడే చెప్పింది.

నన్ను అందరూ తాళాలమ్మ అంటారు. అరవై నాలుగేళ్లు. ఇప్పుడు మేనకోడలి ఇంట్లో వెనక గదిలో ఉంటున్నాను. ఆ అట్ట మంచం ఎదుట గోడకు ఉంది. 'వెంటనే వస్తాం' అన్న చోట నా వేలు తగిలి తగిలి మార్కరు రంగు వెలిసింది.