ఇంకా రాలేదు

రక్తపరీక్షల కేంద్రంలో ఫలితాలు చూపించే వెబ్ పేజీ రోజూ పొద్దున బాగానే నడిచేది. జనం పెరిగేకొద్దీ నీరసపడి, మధ్యాహ్నానికి కొయ్యబారిపోయేది. సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెడితే ఏమీ ఎరగనట్టు లేచి కూర్చునేది. ఆ పేజీ రాసిన ప్రోగ్రామర్‌కి కారణం అంతుపట్టలేదు. అంతుపట్టలేదని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. నిండు హాల్లో, రోగులందరూ వింటుండగా, నెపం, అడిగినప్పుడల్లా పరీక్ష నంబరు కొట్టి ఫలితం చూసిపెట్టే కౌంటర్ వదిన మీదికి నెట్టేశాడు.

"మీరలా టపటపా నొక్కుతుంటే ఏ మిషనైనా చస్తుంది."

ఆవిడ అక్కడ అందరికీ వదినే. కొత్తగా చేరిన డాక్టరు మొదలు వాకిలి ఊడ్చే మనిషి దాకా మగవాళ్లంతా ఆవిడకు మరిదిగార్లే. ఆ మాట పడ్డాక మాత్రం అతన్ని "సార్" అనడం మొదలుపెట్టింది. తిట్టినా అంత గుచ్చుకునేది కాదేమో. అప్పట్నుంచి ఫలితం కోసం వచ్చినవాళ్లకు ఒక్కసారే చూసి, రాకపోతే రేపు రమ్మని పంపేసేది. అయినా పేజీ పడిపోతూనే ఉంది. మేనేజర్ విసుగెత్తి, సోమవారం నుంచి ఆవిడను వెనక గదిలో సీసాలకు చీటీలు అంటించే పనిలో వేస్తానన్నాడు.

శుక్రవారం ఉదయం అతను ఆ పేజీని నడిపే స్క్రిప్టును మొదటినుంచి చదివాడు. ఎవరైనా నంబరు కొట్టగానే అది డేటాబేస్‌కి ఒక కనెక్షన్ తెరుస్తుంది. ఫలితం చూపించి, మూసేస్తుంది. ఫలితం సిద్ధంగా లేకపోతే మాత్రం "ఇంకా రాలేదు" అని చెప్పేసి, కనెక్షన్ మూసెయ్యమనే వరస దాకా పోకుండానే మధ్యలోంచి వెనక్కి వచ్చేస్తోంది. అలా తెరిచి వదిలేసినవి ఒక్కొక్కటే పోగుపడి, చివరికి కొత్తగా అడిగేవాళ్లకు చోటు లేకుండా చేస్తున్నాయి.

ఏది జరిగినా మూసేలా ఆ వరసను మార్చాడు. రాని ఫలితం నంబరు ఒకటి తీసుకుని వేలు నొప్పెట్టేదాకా నొక్కాడు. పేజీ చెక్కుచెదరలేదు.

సంతోషం కలగాల్సింది. కలగలేదు. ఇన్నాళ్లూ అతను సిద్ధమైన ఫలితాలతోనే పరీక్షించి చూసుకున్నాడు. ఎదురుచూసే మనిషి అడిగిందే అడుగుతాడని అతనికి తట్టలేదు. ఒకప్పుడు తన భార్య ఫలితం కోసం ఇలాంటి హాల్లోనే కూర్చుని, లేచి లేచి వెళ్లి కౌంటర్ మనిషి ప్రాణం తోడేసిన తనకే తట్టలేదు. ఆ మనిషి ఒక్కసారి కూడా విసుక్కోలేదని ఇప్పుడు గుర్తొచ్చింది.

మేనేజర్ గదికి వెళ్లి, వదినను కూడా పిలిపించి, తప్పు తనదేనని చెప్పాడు. మేనేజర్ తేలిగ్గా తీసుకున్నాడు. బాగైపోయింది కదా, ఆవిడ కౌంటర్లోనే ఉంటుంది, ఇంతటితో వదిలెయ్యమన్నాడు. అతనికి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. వదిన మాత్రం కదల్లేదు.

"హాల్లో అన్నారు కదా సార్. గదిలో చెబితే ఎలా?"

ఆ రోజు విన్నవాళ్లెవరూ ఇప్పుడు హాల్లో లేరు. ఆ సంగతి చెప్పబోయి, సిగ్గేసి మానేశాడు. బయటికొచ్చి కౌంటర్ పక్కన నిలబడ్డాడు.

"పేజీ ఆగిపోయింది నా తప్పువల్లండీ. ఈవిడ నొక్కినందుకు కాదు. నేనే అనకూడని మాట అన్నాను."

ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ, ఏమంటున్నాడని పక్కాయన్ని అడిగింది. ఏదో మిషను గొడవని ఆయన చెప్పాడు.

"అదలా ఉంచు నాయనా, నాది వచ్చిందేమో చూడు," అంది పెద్దావిడ అతనితో.

ఎవరో కిసుక్కున నవ్వారు. వదిన నవ్వు బిగబట్టుకుని నంబరు కొట్టింది. ఇంకా రాలేదని, కాసేపాగి మళ్లీ చూస్తానని చెప్పింది. అతను చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే నిలబడిపోయాడు. తెర మీంచి కళ్లు తిప్పకుండానే ఆవిడ పక్క స్టూలు మీదున్న తన సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"కూర్చోండి. అడ్డంగా నిలబడితే నాకు వెలుతురు రావట్లేదు."

కూర్చున్నాడు. పెద్దావిడ అప్పుడే మళ్లీ లేచి వస్తోంది.