చింతచెట్టెక్కిన గొంతు

నాంపల్లి స్టేషన్ వెనకనున్న తెలుగు బడిలో సాయంత్రం గంట కొట్టగానే తల్లులు కొందరు చింతచెట్టు కింద చేరేవాళ్లు. పంతులు కించపరిచిన రోజున పిల్లల గొంతులు ఎగిరి ఆ చెట్టు మీద వాలేవి. తల్లులు బుజ్జగించి దింపి, ఎవరి గొంతు వాళ్లకు అప్పగించి ఇంటికి తీసుకుపోయేవాళ్లు. చిటారు కొమ్మన మాత్రం ఒక మగపిల్లవాడి గొంతు ఏళ్ల తరబడి ఉండిపోయింది. అది ఎవరిదో ఎవరికీ తెలియదు.

శశికళ గొంతు వానాకాలం మొదట్లో వెళ్లింది. పాఠం చదువుతూ తడబడితే వామన్‌రావు పంతులు, "నీకంటే కప్ప నయం, కూసో" అన్నాడు. క్లాసంతా నవ్వింది. క్లాసంతా నవ్వింది.

తల్లి జయమ్మ రోజూ బతిమాలేది. "జర దిగిరావే తల్లీ. జిలేబీ తెచ్చిన."

"నవ్వుతరు," అనేది గొంతు, ఆకుల చాటు నుంచి.

తండ్రి అంజయ్య ఆబిడ్స్‌లో బట్టల దుకాణం గుమాస్తా. ఒకరోజు వచ్చి గొడుగెత్తి గద్దించాడు. "దిగుతవా లేదా? ఇన్‌స్పెక్టర్ సాబు ముంగట నోరు తెరవకుంటే బడి బందు. ఇంట్ల కూసొని గుండీలు కుట్టు!"

గొంతు ఇంకో కొమ్మ పైకెక్కింది.

"మంచిగ దించినవ్ పో," అంది జయమ్మ.

దసరా సెలవుల తర్వాత మెదక్ నుంచి ఆ క్లాసుకు బెత్సీ టీచరమ్మ వచ్చింది. శశికళను ఒక ప్రశ్న అడిగి, సుద్దముక్క పట్టుకొని జవాబు కోసం అలాగే నిలబడింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

"నవ్వకుండ్రి. ఆమె ఆలోచిస్తున్నరు."

పదేళ్ల పిల్ల గురించి అంత మర్యాదగా మాట్లాడడం ఆ బడి ఎన్నడూ వినలేదు. చెట్టు మీద ఆకు కదిలింది. టీచరమ్మ మర్నాడూ అడిగింది, ఆగింది. రోజూ అంతే. గొంతు కొమ్మకొమ్మగా దిగి కిటికీ రెక్క మీద కూర్చుంది. లోపలికి మాత్రం రాలేదు.

రూమీ టోపీ పెట్టుకొని ఇన్‌స్పెక్టర్ రానే వచ్చాడు. "మూసీ ఎక్కడ పుడుతుంది?" అని శశికళను అడిగాడు. ఆమె లేచి నిలబడింది. అంతే.

"గీ పిల్లకు రాదు సాబ్, వేరేటోళ్లను అడుగుండ్రి," అన్నాడు గోడవారనున్న వామన్‌రావు. కిటికీ రెక్క కిర్రుమంది. గొంతు వెనక్కి జరిగింది.

"వస్తది సాబ్, జర ఆగుదాం," అంది బెత్సీ. "శశికళా, తొందరేం లేదు. మీకు తోచినప్పుడే చెప్పుండ్రి."

గొంతు లోపలికి దూకింది.

"అనంతగిరి గుట్టల్ల." కాస్త బొంగురుగా, చింతచిగురు వాసనతో ఉంది. అడగకుండానే నదిని వాడపల్లి దాకా తీసుకెళ్లి కృష్ణలో కలిపి కూర్చుంది.

"శాబాష్! పై తరగతికి పంపండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

సాయంత్రం జయమ్మ జిలేబీ పొట్లంతో చెట్టు పైకి చూస్తుంటే, వెనక నుంచి "అమ్మా!" అని వినబడింది. పొట్లం కిందపడింది.

గొడుగు పట్టుకొని పోతున్న వామన్‌రావును శశికళే ఆపింది. "సార్, చిటారు కొమ్మ మీది గొంతు మీదేనంట, చెట్టు మీద నాకు చెప్పింది. మీ చిన్నప్పటి పంతులు పోయిండా, దిగొచ్చా అని అడుగుతుండె."

వామన్‌రావు గొడుగు కింద పెట్టాడు. తలెత్తి చిటారు కొమ్మ వైపు చూశాడు.

"రాండ్రి," అన్నాడు మెల్లగా. "ఎవరూ నవ్వరు."