ఇంటింటికీ మౌనం

మా పార్టీ ఓడిపోయింది. మామూలుగా కాదు, చిత్తుచిత్తుగా. నర్సీపట్నంలోని మా వార్డులో మా తిరగలి గుర్తుకు పడిన ఓట్ల కంటే మా వార్డు కమిటీ సభ్యులు, వాళ్ళ భార్యలు, బావమరుదులు కలిపి ఎక్కువమంది ఉన్నారు. అంటే కమిటీలోనే ఎవడో అటు గుద్దాడన్నమాట. ఎవడో నాకు తెలుసు. వాడి మొహం చూస్తేనే ఒళ్ళు మండుతుంది కాబట్టి పేరు రాయను.

నా పేరు సోమసుందరం. రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా కూర్చుని దస్తావేజులు రాస్తుంటాను. పద్నాలుగేళ్ళుగా పార్టీ వార్డు అధ్యక్షుణ్ణి. జీతం లేని పదవే గానీ, నా బండి మీదా, మా గుమ్మం పక్క బోర్డు మీదా, బంధువుల శుభలేఖల్లోనూ నా పేరు కింద ఉండేది అదే. అది తీసేస్తే నేను ఉత్త సోమసుందరాన్ని. ఉత్త సోమసుందరానికి బజార్లో నమస్కారం పెట్టేవాడు ఎవడుంటాడు? ఏది పోయినా ఫరవాలేదు, ఆ పదవి మాత్రం పోకూడదన్నదే నా బెంగ.

పోయిన ఓటర్లను వెనక్కి తేవడానికి పార్టీవాళ్ళు విశాఖపట్నం నుంచి ధర్మతేజ అనే సలహాదారుణ్ణి పంపారు. ఆయన ల్యాప్‌టాప్ తెరిచి, ఏవో రంగు రంగుల గీతలు చూపించి, చివరికి తేల్చింది ఇది: జనానికి మా మీద కోపం లేదట, మా మాటల మీద విసుగట. అందుకని కొత్త కార్యక్రమం, "ఇంటింటికీ మౌనం". అందరూ తెల్లబట్టలు వేసుకోవాలి. జెండా వద్దు, కండువా వద్దు, మైకు అసలే వద్దు. ఇంట్లోకి వెళ్ళి చేతులు జోడించి పది నిమిషాలు నోరు మూసుకుని ఉండాలి. వాళ్ళు మాట్లాడితే వినాలి. అదంతా ఆయన ఫోన్లో తీసి పైకి పంపిస్తాడు.

"మధ్యలో ఎవరు నోరు విప్పినా ఆ రోజే పదవి పోతుంది," అన్నాడు.

"మాటాడకుండా రాజకీయమేటండీ! దానికన్నా సెరువులో గేలం ఏసుకుని కూకోడం మేలు గదా!" అన్నాను.

ఆయన ఆ మాట కూడా ల్యాప్‌టాప్‌లో రాసుకున్నాడు.

ఆదివారం పొద్దున్న పదకొండుమందిమి బయల్దేరాం. ముందు గోపీకృష్ణ. ఎరువుల కొట్టు ఆయనది, రాబోయే మున్సిపల్ ఎన్నికల్లో మా కౌన్సిలర్ అభ్యర్థి. గెలిస్తే సింహాచలంలో తలనీలాలిస్తానని మొక్కుకున్నాడు. దేవుడికి నమ్మకం కుదరాలని ఈసారి ముందుగానే ఇచ్చేశాడు. దాంతో నున్నటి గుండు. పైగా మాట్లాడకుండా ఉండడం ఆయన వల్ల కాదు, అందుకని పెదవి కొరుక్కుంటూ నడుస్తున్నాడు. చూడ్డానికి ఏడుపు ఆపుకుంటున్నట్టే ఉంది. తెల్లబట్టలు, గుండు, ఏడుపు మొహం. ఇన్ని కలిసినా మా పదకొండు బుర్రల్లో ఒక్కదానికీ ఏమీ తట్టలేదు.

మొదటి ఇల్లు అప్పలనరసమ్మది. అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మమ్మల్ని చూడగానే చేతిలో పళ్ళెం జారి కింద పడింది.

"ఎవులు బాబూ? ఎవులు పోనారు?"

మేం చేతులు జోడించాం.

"మాకవరపాలెంలో మా తమ్ముడేనా?"

గోపీకృష్ణ కాదన్నట్టు మెల్లగా తల అడ్డంగా ఊపాడు. ఆవిడ దాన్ని ఇక లాభం లేదని అర్థం చేసుకుంది.

"ఓలమ్మో! నా తమ్ముడో! నా బంగారు నాయినో!"

వీధంతా పరుగెత్తుకొచ్చింది. పనసచెట్టు తగాదాతో ఆరేళ్ళుగా ఆ తమ్ముడితో ఆవిడకి మాటల్లేవని అందరికీ తెలుసు. అయినా అందరూ ఏడ్చారు. ఒకావిడ ఆ తమ్ముడి గుణగణాలు కూడా ఎత్తుకుంది. చెప్పేయనా అన్నట్టు ధర్మతేజ వైపు చూశాను. ఆయన పెదవుల మీద వేలు పెట్టి, ఇంకా ఏడు నిమిషాలుందని వేళ్ళతో చూపించాడు. ఆ వేళ్ళు విరిచేద్దామనిపించింది.

పక్కింటి చిట్టితల్లికి మాత్రం బుర్ర పనిచేసింది. ఆ తమ్ముడికే ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"నువ్వు పోనావంట గదా మావా?"

"ఎవుడే సెప్పింది? నాను పకోడీ తింతన్నాను."

అప్పలనరసమ్మ ఫోన్ లాక్కుంది. బతికే ఉన్నావా నాయినా అని సంతోషంతో ఏడ్చింది, అదే గుక్కలో పనసచెట్టు నాదేనంది. తర్వాత మొహం తుడుచుకుని మా వైపు తిరిగింది.

"మావోడు లచ్చనంగా ఉన్నాడు. మరి మీరెవుల కోసం వచ్చేరు?"

ఆవిడ కళ్ళలోకి చూడలేక గోడ వైపు చూశాం. గోడ మీద సింగన్న ఫొటో, దానికి దండ. సింగన్న ఆవిడ భర్త. ఇరవై ఏళ్ళు మా పార్టీ జెండాలు కట్టిన మనిషి. మేం అధికారంలో ఉన్నప్పుడే, మూడేళ్ళ కిందట, గుండెనొప్పితో పోయాడు.

ఆవిడ కూడా ఫొటో వైపు చూసింది.

"ఆయన కోసమా?" అంది. "ఇప్పుడా?"

ఆవిడ అరుగు మీద కూలబడింది.

"మీ జెండా కప్పడానికి వస్తారని సాయంత్రం దాకా ఉంచేం బాబూ. ఎండాకాలం. ఇంక ఉంచకూడదన్నారు. ఒక్కడూ రాలేదు. ఆయన కప్పుకునే దుప్పటే కప్పి తీసుకెల్లిపోనాం. అప్పట్నుంచి ఆ తిరగలి బొమ్మ మీదికి నా సెయ్యి ఎల్లలేదు."

ఆ రోజు నేనెక్కడున్నానో నాకు తెలుసు. యలమంచిలిలో, మా నాయకుడి పుట్టినరోజు సభలో. అయిదంతస్తుల కేకు. చాకు పట్టుకునే బాధ్యత నాది. సింగన్న పోయాడని ఫోన్ వచ్చింది. రేపు వెళ్దాంలే అనుకున్నాను. ఆ రేపు రానేలేదు. అరుగు ముందు నిలబడి సిగ్గుతో చచ్చిపోయాను. ఇంకా రెండు నిమిషాలుంది. పద్నాలుగేళ్ళ పదవి కళ్ళ ముందు కనబడుతూనే ఉంది.

"కబురు నాకే వచ్చిందమ్మా," అన్నాను. "ఎవరికీ సెప్పలేదు. సెప్తే కేకు దగ్గర్నుంచి లేచి రావాలి గదా. తప్పు నాదే."

ధర్మతేజ నుదురు కొట్టుకున్నాడు. అప్పలనరసమ్మ నన్ను చాలాసేపు చూసింది.

"కేకు బాగుందేటి?"

"నా దాకా రాలేదమ్మా."

ఆవిడకి నవ్వొచ్చింది. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అందరికీ మజ్జిగ ఇచ్చింది. ఓటు సంగతి ఆవిడా ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

మధ్యాహ్నానికి వీడియో పైకి వెళ్ళింది. మూడింటికి వాట్సాప్‌లో ఉత్తర్వు వచ్చింది. క్రమశిక్షణ ఉల్లంఘించినందుకు సోమసుందరాన్ని తొలగించడమైనది. కొత్త అధ్యక్షుడు ఎవడనుకున్నారు? అటు గుద్దినవాడే.

బోర్డు నేనే విప్పాను. "పోన్లెండి, ఆ మేకులకి దండెం కట్టుకుందాం," అంది నా భార్య రాజేశ్వరి. ఓదార్పే అనుకోవాలి. పద్నాలుగేళ్ళు నా చుట్టూ తిరిగినవాళ్ళలో ఒక్కడూ ఫోన్ చేయలేదు. గోపీకృష్ణ మాత్రం ఏడుపు బొమ్మ ఒకటి పంపించాడు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, ఏడుపొచ్చింది.

నాలుగింటికి గేటు చప్పుడైంది. అప్పలనరసమ్మ, వెనక చిట్టితల్లి, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. ఎండలో నడిచొచ్చారు, మొహాల నిండా చెమట. కుర్చీలు వేయించబోతే వద్దని వరండాలోనే చతికిలబడ్డారు. రాజేశ్వరి మంచినీళ్ళు ఇచ్చింది. అప్పలనరసమ్మ నీళ్ళు తాగి, బోర్డు లేని గోడ వైపు చూసింది.

"పదవి పోయిందంట గదా బాబూ," అంది అప్పలనరసమ్మ. "తెలిసిన ఎంటనే వచ్చీసేం."