చేతులు చాపండి

కూతురికి ఫ్యాక్టరీలో పెద్ద పని ఇచ్చారని తెలిసిన రోజున ఇజ్జా సందంతా ఖర్జూరాలు, పాలు పంచింది. పంచుతూనే భయపడింది. ఇన్ని కళ్ళు ఒక్కసారిగా పిల్ల మీద పడ్డాయి కదా అని ఆ సాయంత్రమే నిప్పుల మీద పటిక వేసి, ఆ పొగ గిజ్లాన్ చుట్టూ తిప్పింది. ఉడికి పొంగి గడ్డకట్టిన పటికలో దిష్టి పెట్టినవాళ్ళ మొహం కనిపిస్తుందంటారు. ఇజ్జా ఆ ముద్దని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. పక్కింటి మహ్జూబా ముక్కులాంటిదేదో కనిపించింది. 

మహ్జూబా పరాయిది కాదు. గిజ్లాన్ పుట్టగానే ఇజ్జా జ్వరంతో మంచం పడితే, పాలు పడకపోతే, తన కొడుకుతో పాటు ఆ పసిదానికీ రొమ్ము ఇచ్చిన మనిషి. కన్నతల్లి ఒకరు, పాలతల్లి ఒకరు. అలాంటి మహ్జూబా గిజ్లాన్‌కి పెద్ద పని వచ్చిన దగ్గరనుంచి వీళ్ళ గడప తొక్కడం మానేసింది. మోకాళ్ళ నొప్పులతో ఫ్యాక్టరీకి కూడా వెళ్ళడంలేదని సందులో అనుకున్నారు. మోకాళ్ళూ కాదు, పాడూ కాదు, పాలు తాగిన పిల్ల కింద పని చెయ్యడానికి మనసొప్పలేదు, అసూయ, అని ఇజ్జా తేల్చేసుకుంది.

సాఫీ అనే ఊరి రేవు పక్కన ఉన్న ఆ ఫ్యాక్టరీలో సార్డీన్ చేపలు శుభ్రం చేసి డబ్బాల్లో పెడతారు. సముద్రం ఎంత ఇస్తే అంత పని. పడవలు నిండుగా వస్తే వచ్చిన ఆడవాళ్ళందరికీ పని దొరుకుతుంది, సగం ఖాళీగా వస్తే కొందరికే. తెల్లారకముందే అందరూ గేటు ముందు నిలబడతారు. వాళ్ళలో ఎవరు లోపలికి, ఎవరు ఇంటికి అన్నది షిఫ్టు పెద్ద తేలుస్తుంది. ఏళ్ళ తరబడి ఆ గుంపులో నిలబడి చలికి వణికిన గిజ్లానే ఇప్పుడు ఆ షిఫ్టు పెద్ద.

ఇజ్జా అనుకున్నట్టు పిల్ల ఒళ్ళు చెయ్యలేదు, మొహంలో కళ రాలేదు. చిక్కిపోయింది. శుక్రవారం ఆవిరి మీద ఉడికించిన గోధుమరవ్వ కుస్కుస్ పళ్ళెం చుట్టూ కూర్చుంటే, తన ముందున్న గుమ్మడికాయ ముక్కని చెంచాతో అటూ ఇటూ దొర్లించి లేచిపోయేది. ఉన్నట్టుండి గుండె మీద చెయ్యి వేసుకునేది.

"ఏంటే, తిండి మానేశావ్? కడుపులో పుండేమైనా లేచిందా?"

"ఏం లేదమ్మా. పని."

"పనైతే గుండె మీద చెయ్యేంటి? మా మేనత్త కూడా ఏం లేదు, ఏం లేదు అంటూనే పోయింది."

"మీ మేనత్తకి తొంభై ఏళ్ళమ్మా."

"అయితే? పోయిందా, లేదా?"

గిజ్లాన్ నవ్వలేదు. అన్నిటికన్నా ఇజ్జాని ఎక్కువగా భయపెట్టింది వేరే సంగతి. పిల్ల మనుషుల మొహాలు చూడటం మానేసింది. టీ గ్లాసు అందిస్తే గ్లాసు పట్టుకున్న చేతినే చూసి తీసుకునేది. పలకరిస్తే తల్లి వేళ్ళ వైపు చూస్తూ జవాబిచ్చేది. కళ్ళు పోతున్నాయా? మెదడులో గడ్డా? ఎవడైనా మగవాడి మాటల్లో పడి మొహం చెల్లడం లేదా? తిండిలో ఎవరైనా ఏదైనా కలిపారా? ఇజ్జా ఒక్కొక్క భయాన్నీ చివరిదాకా తీసుకెళ్ళేది. ఏ దారిన పోయినా చివర పిల్ల శవమే కనిపించేది.

ఇక ఉండబట్టలేక ఒకరోజు తెల్లవారుజామున, గిజ్లాన్ వెళ్ళిన కాసేపటికి, పెట్టె అడుగునుంచి తన పాత తెల్లకోటు తీసి తొడుక్కుంది. తను కూడా ఒకప్పుడు ఆ ఫ్యాక్టరీలో చేపల తలలు కోసే కత్తెర పట్టినదే. కీళ్ళు పట్టేశాక మానేసింది. కళ్ళు మాత్రం కనబడేలా శాలువా చుట్టుకుని, గేటు దగ్గరికి వెళ్ళి, ఆడవాళ్ళ వరసలో నిలబడింది. పిల్లని ఎవరు ఏడిపిస్తున్నారో కళ్ళారా చూడాలనుకుంది.

"ఈ నడక ఎవరిదో నాకు తెలియదనుకున్నావా?" అంది పక్కనున్న మనిషి మెల్లగా.

ఇజ్జా తిరిగి చూసి బిత్తరపోయింది. మహ్జూబా!

"నువ్వేంటే ఇక్కడ? మోకాళ్ళని మానేశావన్నారు!"

"ఎవరన్నారు? మోకాళ్ళు నావా, వాళ్ళవా? రోజూ వస్తూనే ఉన్నా. రోజూ వెళ్ళగొడుతూనే ఉంది నీ కూతురు."

"గిజ్లానా? నిన్నా?"

"మరి నిన్ను రమ్మంటుందా? నిలబడు, నిలబడు. కళ్ళారా చూడు. అది మాత్రం నిన్ను చూడదు."

ఆ మాటకి అర్థమేంటని అడిగేలోపే గేటు చప్పుడైంది. గిజ్లాన్ బయటికి వచ్చింది. గుంపులో మాటలు ఆగిపోయాయి. ఆ పిల్ల తల వంచుకునే ఉంది.

"చేతులు చాపండి."

అందరూ చేతులు ముందుకి పెట్టారు. గాటు పడిన చేతిని లోపలికి పంపకూడదు, ఉప్పునీళ్ళలో చీము పడుతుంది. అది పాత పద్ధతే, ఇజ్జాకీ తెలుసు. కానీ ఇది ఆ చూడటం కాదు. గిజ్లాన్ వరస వెంట చేతుల మీద చూపు పారేసుకుంటూ నడుస్తోంది. "ఇది లోపలికి. ఇది లోపలికి. ఇది వద్దు. ఇది లోపలికి." మనుషుల్ని కాదు, బజారులో కూరగాయల్ని ఏరుతున్నట్టు.

"అయ్యో, పిల్లలున్నారు తల్లీ, నిన్న కూడా పొమ్మన్నావ్" అంటోంది ఎవరో. గిజ్లాన్ ఆగలేదు, తల ఎత్తలేదు.

మహ్జూబా దగ్గరికి వచ్చింది. మహ్జూబా బొటనవేలు ఎప్పుడో కత్తెర దిగి వంకర తిరిగింది. "ఇది వద్దు" అంది గిజ్లాన్.

తరవాత ఇజ్జా. కణుపులు ఉబ్బి, వేళ్ళు ముడుచుకుపోయిన చేతులు. పుట్టినప్పటినుంచీ తనకి స్నానం పోసిన, జడలు వేసిన, రొట్టె తుంచి నోట్లో పెట్టిన చేతులు. గిజ్లాన్ వాటిని ఒక్క క్షణం చూసింది.

"ముసలి చేతులు. వద్దు."

దాటిపోయింది.

  మహ్జూబా ఇజ్జా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.  ఇంటికి చేరాక ఇజ్జా కోటైనా విప్పకుండా చాప మీద కూలబడింది. పొయ్యి రాజెయ్యలేదు. రొట్టెల పిండి పులిసి పొంగి పళ్ళెం దాటినా లేవలేదు.

మధ్యాహ్నం దాటాక గిజ్లాన్ వచ్చింది. చెప్పులు విడుస్తూ, "రొట్టెలు కాల్చడానికి వీధి బట్టీకి పంపలేదేంటమ్మా?" అంది నేల చూస్తూ.

ఇజ్జా రెండు చేతులూ ముందుకి చాపింది.

గిజ్లాన్ చూపు ఆ చేతుల మీద పడింది. తెల్లకోటు అంచు మీద పడింది. మళ్ళీ చేతుల మీద పడింది. మొహం సున్నంలా పాలిపోయింది. గోడకి ఆనుకుని అలాగే కిందికి జారిపోయింది.

"ఓరి దేవుడా, చచ్చిపోయింది! నా బిడ్డ చచ్చిపోయింది!" ఇజ్జా పరిగెత్తి నారింజపూల నీళ్ళ సీసా తెచ్చి మొహం మీద సగం కుమ్మరించింది.

"చావలేదమ్మా" అంది గిజ్లాన్, నీళ్ళు కారుతున్న పెదాలతో. "నువ్వా అమ్మా? పొద్దున అది నువ్వా?"

"నేనే. ముసలి చేతుల్దాన్ని."

గిజ్లాన్ మోకాళ్ళ మధ్య తల పెట్టుకుంది. 

"మొదట్లో మొహాలే చూసేదాన్నమ్మా. వద్దు అన్న ప్రతి మొహమూ రాత్రి వచ్చి మంచం చుట్టూ కూర్చునేది. నిన్న నాతో పాటు బల్ల దగ్గర పాటలు పాడినవాళ్ళని ఈ రోజు పొమ్మనాలి. ఊపిరి ఆడేది కాదు. అందుకని చేతులు చూడటం మొదలుపెట్టా. చేతులు ఏడవవు. చేతులు తిట్టవు."

"మరి ఇప్పుడు నిద్ర పడుతోందా?"

"లేదు. ఇప్పుడు చేతులొస్తున్నాయి."

ఇజ్జా సీసా కింద పెట్టేసింది. "మానెయ్యవే! రేపే మానెయ్! ఆ పెద్దరికం మన్నుగాను, నువ్వు బతికుంటే చాలు!"

"మానేస్తే వెనకటివాడు వస్తాడు మళ్ళీ. వాడు ఎవర్ని ఏరేవాడో, ఎందుకు ఏరేవాడో నీకు తెలియదా?"

ఇజ్జాకి తెలుసు. వాడి వేళాకోళాలకి పకపకా నవ్వినవాళ్ళు లోపలికి, మొహం తిప్పుకున్నవాళ్ళు ఇంటికి. తను ఎన్నిసార్లు ఇష్టంలేని నవ్వు నవ్విందో కూడా ఆమెకి తెలుసు. ఆ మాట కూతురితో ఎప్పుడూ అనలేదు. ఇప్పుడూ అనలేదు.

"నా సంగతి సరే" అంది ఇజ్జా. "మహ్జూబా ఏం పాపం చేసింది?"

"పిన్ని మానేసిందిగా."

"మానెయ్యడమేంటే! రోజూ నీ ముందు చెయ్యి చాపుతోంది. ఈ రోజు నా పక్కనే ఉంది. వంకర బొటనవేలు!"

 ఆ వేలు గిజ్లాన్‌కి బాగా గుర్తుంది. పొద్దున మాత్రమే కాదు, నిన్నా మొన్నా కూడా. వద్దు, వద్దు, వద్దు. ఆ వేలు పట్టుకునే చిన్నప్పుడు నడక నేర్చుకుంది, అప్పటికి అది తిన్నగానే ఉండేది. గిజ్లాన్ గొంతులోంచి వచ్చిన చప్పుడు ఏడుపో దగ్గో తెలియలేదు. ఇజ్జా మళ్ళీ సీసా అందుకుంది.

"వద్దమ్మా, తడిసిపోయా."

"ఒక్కటి చెప్పు. పొద్దున నన్ను గుర్తుపట్టి ఉంటే లోపలికి పంపేదానివా?"

గిజ్లాన్ తల్లి వేళ్ళవైపు చూసింది. "పడవలు తక్కువ వచ్చాయి. నీ చెయ్యి ఆడదు..."

"వేళ్ళకి చెప్పకు. నాకు చెప్పు."

మెల్లగా, మెడ నొప్పి ఉన్న మనిషిలా, గిజ్లాన్ తల ఎత్తింది. కళ్ళ నిండా నీళ్ళు. "పంపేదాన్ని కాదమ్మా."

ఇజ్జాకి చెంప మీద కొట్టినట్టయింది. కన్నకూతురు! అయినా పొద్దున తగిలినంత గట్టిగా ఇది తగల్లేదు. పొద్దున కూతురి కళ్ళకి తను అక్కడ లేనే లేదు. ఇప్పుడు ఉంది. ఉంటే తిట్టొచ్చు. తిట్టింది కూడా, నోటికొచ్చినట్టల్లా. గిజ్లాన్ ఆ తిట్లన్నీ పడింది.

మర్నాడు గేటు దగ్గర ఏం జరిగిందో ఇజ్జా చూడలేదు. ఇంట్లోనే అటూ ఇటూ తిరుగుతూ గడిపింది. అక్కడే పడిపోయి ఉంటుందా? ఎవరైనా రాయి విసిరి ఉంటారా? అంబులెన్సు కూతలా ఏది వినిపించినా వాకిట్లోకి పరిగెత్తింది. మధ్యాహ్నం గిజ్లాన్ తన కాళ్ళ మీద తనే నడిచి వస్తే, ముందు తల పట్టుకుని నెత్తురుందేమోనని వెతికింది.

"ఎవరూ కొట్టలేదమ్మా. తిట్టారు. ఒకావిడ ఉమ్మింది, బూటు మీద."

గిజ్లాన్ బల్ల ముందు కూర్చుందో లేదో తలుపు దబదబా మోగింది. ఊడి మీద పడుతుందేమోనన్నంతగా.

"తెరువు! తెరవ్వే, షిఫ్టు పెద్దమ్మా! నా పాలు తాగిన నోటితో నన్ను పొమ్మన్నావా?"

మహ్జూబా! ఇజ్జా గబుక్కున వెళ్ళి గడియ మీద చెయ్యి వేసింది. "తీయకు. దాని చేతిలో కత్తెరుందేమో!"

"తియ్యమ్మా" అని గిజ్లానే లేచి వచ్చి గడియ తీసింది.

మహ్జూబా చేతిలో కత్తెర లేదు. మొహం మాత్రం కత్తెరలాగే ఉంది. "అందరి ముందూ పేరు పెట్టి, మహ్జూబా పిన్నీ, ఈ రోజు కుదరదు అంటావా? నలుగురూ నవ్వరూ?"

"అన్నాను పిన్నీ. పడవలు సగం ఖాళీ. పెద్ద చేపలు లేవు. నువ్వు చిన్న చేప దగ్గర నెమ్మది. నీ వేలు..."

"నా వేలి సంగతి నాకు చెబుతావా? నీ తల్లైతే పొమ్మంటావా ఇలాగే?"

"పొమ్మన్నా. నిన్న నీ పక్కనే. నువ్వు చూశావ్."

మహ్జూబా ఇజ్జా వైపు తిరిగింది. గడప దగ్గరే కొయ్యబారి ఉన్న ఇజ్జా, అవునన్నట్టు తల ఊపింది.

"ఇన్నాళ్ళూ గొడవకి ఎందుకు రాలేదే?" అంది ఇజ్జా, ఏమనాలో తోచక. "నేను నిన్ను... నేనేమేమో అనుకున్నా."

"ఎవరితో పెట్టుకోను గొడవ? అది నన్ను చూడందే!" మహ్జూబా శాలువా లాగి కింద పడేసి, చాప మీద చతికిలబడింది. పొమ్మన్నా పోయే ఉద్దేశం లేనట్టు కాళ్ళు చాపుకుంది. "రేపేంటి మరి? రేపూ పొమ్మంటావా?"

"రేపు, ఈ రోజు పొమ్మన్నవాళ్ళని ముందు పిలుస్తా. ఫ్యాక్టరీ యజమానులు ఒప్పుకుంటారో లేదో తెలియదు. అడుగుతా."

"ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకోకపోతే మళ్ళీ రా తిట్టడానికి."

"రాననుకున్నావా? మీ సందు చివరిదాకా వినిపించేలా తిడతా!"

"తిట్టు! నేనూ అరుస్తా! నాకు మాత్రం గొంతు లేదా?"

యజమానుల్ని ఎదిరించి అడుగుతుందట! ఇజ్జా కళ్ళ ముందు అప్పుడే ఫ్యాక్టరీ గేటు మూసుకుపోయింది, పిల్ల వీధిన పడింది, ఇంట్లో పొయ్యి ఆరింది. సందులో తలుపులు తెరుచుకుంటున్నాయి, ఎవరో ఏమైందంటూ కేకేస్తున్నారు. టీ పొంగి పొయ్యి మీద చుయ్యిమంది. ఇవేవీ పట్టనట్టు గిజ్లాన్ మహ్జూబా ఎదురుగా కూర్చుని, ఆమె కళ్ళలోకే చూస్తూ అరుస్తోంది. అరుస్తూనే రొట్టె ఇంత ముక్క తుంచి, ఆలివ్ నూనెలో ముంచి, నోట్లో కుక్కుకుంది. ఆ ముక్క మింగకుండానే ఇంకో ముక్క.

ఇజ్జా నివ్వెరపోయి చూసింది. మరుక్షణం గుండె పట్టుకుంది.

"నమిలి మింగవే! గొంతుకి అడ్డం పడుతుంది!"